సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో బోటు ప్రయాణం: పోవచ్చు, కానీ రేవులోనే తేల్చుకోండి

చెల్లెమ్మా, మీరడిగింది ముందు నా మాటల్లో ఒకసారి చెప్తా, చదివే మిగతావాళ్ళకూ తెలుస్తుంది. కర్నూలు నుంచి సంక్రాంతి సెలవుల్లో మొత్తం 11 మంది. పెద్దవాళ్ళు ఆరుగురు, పిల్లలు ఐదుగురు. మీ తొమ్మిదేళ్ళ బాబు, నాలుగేళ్ళ పాప, మీ ఆడపడుచు పిల్లలు ఇద్దరు ఆరూ ఏడేళ్ళ వాళ్ళు, మీ తోడికోడలి చంకలో ఎనిమిది నెలల బుజ్జిగాడు. ముచ్చుమర్రి దగ్గర ఇంజను బోటెక్కి శ్రీశైలం వెనుక జలాల మీద, ఏటా నీళ్ళలో మునిగి తేలే గుడి ఉన్న సంగమేశ్వరం దాకా పోయి, ఒడ్డున అన్నం తిని సాయంత్రానికి తిరిగి రావాలని మీ ప్లాను. ఇంట్లో ఒక్కరికీ ఈత రాదు. అత్తగారేమో నీళ్ళతో చెలగాటం వద్దంటున్నారు, మీ ఆయనేమో అందరూ పోతాలేరా, మనకే ఏమైతది అంటున్నారు. చివర్లో బాబుకు తెరచాప పడవ నేర్పించొచ్చా అని కూడా ఒక ముక్క అడిగారు.

నేను నేవీలో 15 ఏళ్ళు చేశా, ఎక్కువ కాలం విశాఖలోనే. మాది నందికొట్కూరు పక్క పల్లె, ఇప్పుడు కర్నూల్లో ఉంటున్నా. మా అన్నదమ్ముల పిల్లల్ని, అక్కచెల్లెళ్ళ పిల్లల్ని ఏటా చలికాలంలో ఒకసారైనా నీళ్ళ మీదికి తీసుకుపోవడం అలవాటు, పన్నెండేళ్ళుగా. ఒకసారి ప్రాణం మీదికి తెచ్చుకున్నాం కూడా, అది కింద చెప్తా.

సూటిగా చెప్పేస్తా. పోవచ్చు. బుజ్జిగాణ్ణి అత్తగారి దగ్గర వదలండి, రోజంతా కాకుండా పొద్దున పూటకు కుదించుకోండి, గుడి కనిపిస్తుందన్న ఆశ పెట్టుకోకండి. ఈ మూడింటికీ ఒప్పుకుంటే మిగతాదంతా చదవండి.

గుడి సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు. ఫోన్లో చూసే ఫొటోలు ఎండాకాలానివి. శ్రీశైలం డ్యామ్ పూర్తి నీటిమట్టం 885 అడుగులు, అక్కడి నుంచి చాలా అడుగులు దిగితే తప్ప సంగమేశ్వరుడి గుడి శిఖరం బయటికి రాదు. మామూలుగా ఫిబ్రవరి, మార్చి దాకా గుడి నీళ్ళలోనే. కొన్నేళ్ళు శివరాత్రికి కూడా స్వామి బయటపడడు, ఎగువన గట్టు మీద గుడిలో మొక్కుకుని వచ్చేస్తారు. మీరు జనవరి మధ్యలో పోతే బోటు గుడి మీదుగా పోతుందే కానీ గుడికి పోదు. ఈ మాట పిల్లలకు ముందే చెప్పండి. అసలు పిల్లలకు ఇదే నచ్చుతుంది కూడా. మా వాళ్ళకు నేను, మన కింద ఇప్పుడు గుడి ఉంది, లోపల వేపచెక్క శివలింగం ఉంది, ధర్మరాజు పెట్టాడంటారు, అని చెప్తే అందరూ ఊపిరి బిగబట్టి నీళ్ళలోకి చూశారు. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి, ఏడు నదులు కలిసే చోటని పేర్లు వరుసగా అప్పజెప్పించా. అందులో భవనాశి ఒక్కటే మగపేరు అంటే ఆరేళ్ళది "అయితే వాడొక్కడే అన్నయ్యా?" అంది. రాతి గుడి చూడాల్సిందే అనుకుంటే కర్నూలు దగ్గర జగన్నాథ గట్టుకు పోండి. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోతుందని రూపాల సంగమేశ్వరుడి గుడి అనే ఇంకో గుడిని విప్పి అక్కడికి తెచ్చి కట్టారు. ఆటోలో పోయి రావచ్చు, తడి కూడా తగలదు.

ఇక కాలం. మీరు ఎంచుకున్న కాలం మంచిదే, తెలిసి ఎంచుకున్నా తెలియక ఎంచుకున్నా. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నీళ్ళు నిండుగా ఉంటాయి, వరద ఉండదు, ఎండ ఓర్చుకోవచ్చు. ఆషాఢ శ్రావణాల్లో మన సీమ గాలి సంగతి మీకు తెలుసు, మేడ మీద ఆరేసిన దుప్పటి పక్క వీధిలో దొరుకుతుంది. ఆ గాలే అడ్డూ ఆపూ లేని నీళ్ళ మీద కొన్ని కిలోమీటర్లు పరిగెత్తి వస్తే అల లేస్తుంది. చెరువే కదా, సముద్రం కాదు కదా అనుకుంటారు. వెడల్పు ఎంత ఎక్కువుంటే అల అంత పెరుగుతుంది, దానికి చెరువూ సముద్రం తేడా తెలియదు. పైగా మన రిజర్వాయరు అలలు పొట్టిగా, ఒకదాని వెనకాల ఒకటి దగ్గర దగ్గరగా వస్తాయి, చిన్న బోటును సముద్రం కంటే ఎక్కువ కుదుపుతాయి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పైనుంచి వరద, గేట్లు ఎత్తుతారు, అప్పుడు పిల్లలతో అటువైపే చూడొద్దు. ఏప్రిల్, మేలో గుడి బాగా కనిపిస్తుంది కానీ ఎండ, మధ్యాహ్నం దాటితే ఉన్నట్టుండి మబ్బు పట్టి గాలివాన, పిడుగులు. నీళ్ళు తగ్గిన చోట ఒడ్డంతా ఒండ్రు మట్టి, పైన ఎండి పెచ్చు కట్టి గట్టిగా కనిపిస్తుంది, కాలు పెడితే మోకాలి దాకా దిగుతుంది. పిల్లవాడైతే నడుం దాకా.

ముందురోజు రాత్రి ఫోన్లో వాతావరణం చూసేటప్పుడు అందరూ ఎండా వానా చూస్తారు. మీరు గాలి చూడండి. గంటకు 20 కిలోమీటర్లు దాటి చూపిస్తుంటే మానుకోండి. రేవుకు చేరాక ఫోన్ లోపల పెట్టి నీళ్ళనే చూడండి. దూరంగా అలల నెత్తిన తెల్ల నురగ అక్కడక్కడా మెరుస్తుంటే పెద్దవాళ్ళ వరకు సరే, పిల్లలతో వద్దు. ఆ తెల్ల తలలు ఎక్కువైతే ఎవరితోనూ వద్దు. చలికాలంలో పొద్దున్నే నీళ్ళు అద్దంలా ఉంటాయి, పదకొండూ పన్నెండు అయ్యేసరికి గాలి మొదలవుతుంది. అందుకే పొద్దున పూట అంటున్నా. మరీ ఆరింటికి కూడా వద్దు, పొగమంచులో ఒడ్డు కనపడదు. మంచు విడిచాక, ఎనిమిదిన్నర తొమ్మిదికి బోటు కదిలితే, పన్నెండున్నరకల్లా తిరిగి రేవులో ఉండాలి, అన్నం రేవు దగ్గర చెట్టు కింద తినండి. పోయే దారిలో గాలి లేకపోయినా వచ్చే దారిలో ఉంటుంది. సంగమేశ్వరం దాకా పోవాలని పంతం పెట్టుకోవద్దు, నలభై నిమిషాలు పోయి వెనక్కి తిప్పినా పిల్లలకు బోటెక్కినట్టే. నాలుగేళ్ళ పిల్ల ఓపిక గంటకు మించదు, ఆ తర్వాత దానికి కృష్ణమ్మ వద్దు, అమ్మమ్మ కావాలి.

బుజ్జిగాడి గురించి మీ తోడికోడలు బాధపడితే ఇలా చెప్పండి. ఎనిమిది నెలల పిల్లవాడికి సరిపడే లైఫ్ జాకెట్ మన దగ్గర రేవుల్లో ఉండదు, బజార్లో దొరికినా ఆ వయసులో తల బరువెక్కువ, మెడ ఇంకా లేత. జాకెట్ ఉన్నా వాడి ముఖం పైకే ఉంటుందని నమ్మలేం. ఒళ్ళో పట్టుకుంటా అంటారు. అల్యూమినియం పళ్ళెం మీద గోలీ పెట్టి నడిచినట్టు ఉంటుంది ఊగే బోటులో పిల్లవాణ్ణి ఎత్తుకుని నిలబడటం. అత్తగారు ఎలాగూ రావడం లేదంటున్నారు, ఆమెకూ తోడు.

లైఫ్ జాకెట్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతా, ఎందుకంటే మా కథ ఇక్కడే ఉంది.

ఎనిమిదేళ్ళ కిందట ఒక రిజర్వాయరుకు పోయాం, యాడ అనేది వద్దులే. మా చెల్లెలి కొడుకు అప్పుడు ఆరేళ్ళవాడు, ఈతాకులా సన్నగా ఉండేవాడు. బోటువాళ్ళు ఇచ్చినవన్నీ పెద్దవాళ్ళ జాకెట్లే. వాడికి తొడిగితే మోకాళ్ళ దాకా వచ్చింది, అందరూ నవ్వారు, ఫొటో తీశారు, నేనూ నవ్వా. నేవీలో పనిచేసినవాణ్ణి నేనూ నవ్వా, అది గుర్తుపెట్టుకోండి. గంటన్నర బోటులో ఏమీ కాలేదు. రేవుకు వచ్చాక, తాడు ఇంకా పూర్తిగా కట్టకముందే వాడు ఒడ్డు మీదికి దూకబోయాడు, బోటు వెనక్కి జరిగింది, వాడు మధ్యలో పడ్డాడు. నీళ్ళెంత? నా నడుం దాకా. జాకెట్ తేలింది. వాడు తేలలేదు. జాకెట్ భుజాల మీదుగా పైకి లేచి వాడి చెవుల దాకా వచ్చి ముఖం మీద గొడుగులా మూసుకుంది, రెండు చేతులూ పైకి లేచిపోయాయి, లోపల్నుంచి వాడు కిందికి జారిపోతున్నాడు. ఒక్క అరుపు లేదు. నేను దూకి జుట్టు పట్టుకుని లాగా. మొత్తం పది సెకన్లు ఉంటుందేమో. ఒడ్డున ఉన్న మా బావకు వాడు పడ్డాడన్న సంగతే తెలియదు, ఆయన చెప్పులు వెతుక్కుంటున్నాడు.

అప్పటి నుంచి పిల్లల జాకెట్లు మావి మేమే తీసుకుపోతాం. ఇవి వయసును బట్టి కావు, బరువును బట్టి. 10 నుంచి 20 కిలోలు, 20 నుంచి 30, అలా లోపల చీటీ మీద రాసి ఉంటుంది. పిల్లల్ని తూకం వేసి కొనండి, వచ్చే ఏడాదికీ వస్తుందని ఒక సైజు పెద్దది కొనే మన అలవాటు స్కూలు యూనిఫారం దగ్గర ఆపండి. రెండు కాళ్ళ మధ్య నుంచి వచ్చి ముందు బిగించే పట్టీ ఉన్నదే తీసుకోండి, ఆ పట్టీ ఉంటే మా వాడికి అలా జరిగేది కాదు. తల వెనక కాలర్ ఉంటే ఇంకా మంచిది. తొడిగి, పట్టీలన్నీ బిగించి, రెండు భుజాల దగ్గర జాకెట్ పట్టుకుని పిల్లవాణ్ణి నేల మీద నుంచి లేపండి. గడ్డం లోపలికి మునిగిపోయి జాకెట్ చెవుల దాకా వస్తే అది పనికిరాదు. ఈ పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు, పిల్లలకు అదొక ఆట. పాతవి ఎవరైనా ఇస్తే లోపలి ఫోమ్ వేళ్ళతో నొక్కి చూడండి, పలకలు పలకలుగా విరిగిపోతున్నా, నొక్కిన చోట మళ్ళీ పొంగకపోయినా తీసి పక్కన పెట్టండి. గాలి ఊది చేతులకు తొడిగే ప్లాస్టిక్ సంచులు, ట్యూబులు, బాతు బొమ్మలు ఇవన్నీ ఆటవస్తువులు, జాకెట్ బదులు కావు.

పెద్దవాళ్ళూ వేసుకోవాలి. ఇక్కడే మన మగవాళ్ళతో గొడవ. ఉక్కపోత, ఫొటోలో బాగోదు, నాకేమైతది. నాన్న వేసుకోకపోతే తొమ్మిదేళ్ళవాడు పదినిమిషాలకు విప్పేస్తాడు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగినప్పుడు 50 మంది దాకా పోయారు, వరద ఉన్న రోజు. మన కృష్ణలోనే, శ్రీశైలం వెనుక జలాల్లో మంచాలకట్ట దగ్గర 2007 జనవరిలో పడవ మునిగి 60 మంది దాకా చనిపోయారు. ఆ ఊళ్ళ వైపు ఇప్పటికీ పెద్దవాళ్ళు ఆ రోజు గురించి గొంతు తగ్గించి మాట్లాడతారు. మీ అత్తగారిది చాదస్తం కాదు, ఆమె వయసువాళ్ళకు ఈ నీళ్ళ చరిత్ర గుర్తుంది. ఆమెతో వాదించకండి, కొన్న జాకెట్లు చూపించండి.

మనది మెట్ట దేశం చెల్లెమ్మా, నీళ్ళ కోసం బోర్లు వేసి వేసి అలిసిన జనం, నీళ్ళు కనిపిస్తే చాలు ఒళ్ళు మరిచిపోతాం. కోనసీమ పిల్లవాడికి చిన్నప్పటి నుంచి కాలవ గట్టు, పంటు, పడవ. మనవాళ్ళకు ఆ జ్ఞానం లేదు. ఒకప్పుడు మనకూ ఉండేది అనుకోండి. మన కేసీ కెనాల్, అంటే కర్నూలు కడప కాలవ, 1860లలో తవ్వినప్పుడు సాగునీళ్ళతో పాటు పడవలు నడపడానికి కూడా తవ్వారు, సుంకేసుల నుంచి కడప వైపు సరుకు పడవల మీద పోవాలని. ఇప్పుడు ఆ మాట చెబితే కాలవ గట్టున ఉన్నవాళ్ళే నమ్మరు. బావుల్లో ఈత మాత్రం మొన్నమొన్నటి దాకా ఉండేది. మా నాయన నా నడుముకు రెండు ఎండు సొరకాయ బుర్రలు కట్టి దిగుడు బావిలో తోశాడు, మా తమ్ముడి వంతుకు సొరకాయలు పోయి మూత బిగించిన నూనె డబ్బా వచ్చింది.

ఆ డబ్బా కిటుకు ఇప్పటికీ పనికొస్తుంది. ఐదు లీటర్ల ఖాళీ నీళ్ళ డబ్బా, మూత గట్టిగా బిగించి, పిడికి పది పదిహేను మీటర్ల తేలికపాటి తాడు కట్టి బోటులో మీ కాళ్ళ దగ్గర పెట్టుకోండి. అది నీళ్ళలో సుమారు ఐదు కిలోల బరువు మోస్తుంది. అంతేనా అనుకోవద్దు, నీళ్ళలో మనిషి ఒంటి బరువు చాలా వరకు నీళ్ళే మోస్తాయి, తల పైకి ఉండటానికి ఆ ఐదు కిలోల ఆసరా చాలు. అడుగున గుప్పెడు నీళ్ళు వదిలితే విసిరినప్పుడు గాలికి పోకుండా సూటిగా పోతుంది. ఇంట్లో మిద్దె మీద రెండుసార్లు విసిరి చూసుకోండి.

ఎవరైనా పడితే ఏం చేయాలన్నది బోటు ఎక్కకముందే మాట్లాడుకోండి, అపశకునం అనుకోకుండా. చూసినవాళ్ళు గట్టిగా అరవాలి, వేలు పడినవాళ్ళ వైపు చూపించి ఆ వేలు దించకూడదు, కళ్ళు తిప్పకూడదు. అల మీద తల కొబ్బరికాయంత కూడా కనపడదు, ఒక్కసారి చూపు తిప్పితే మళ్ళీ దొరకదు. బోటు నడిపేవాడు ముందు ఇంజను ఆపాలి లేదా న్యూట్రల్ చేయాలి, వెనక ఫ్యాను ఆకులు తిరుగుతుంటాయి కాబట్టి. డబ్బా విసరాలి. ఈత రానివాళ్ళు దూకకూడదు, తల్లయినా సరే. ఇది చెప్పినంత సులువు కాదని తెలుసు, అందుకే ముందే ఒట్టు వేయించుకోండి. ఇంకోటి, మునిగేవాళ్ళు సినిమాలో లాగా చేతులూపి కేకలు వేయరు. నోరు నీటి మట్టానికి వస్తూ పోతూ ఉంటుంది, ఊపిరికే టైం చాలదు, అరవడానికి ఎక్కడిది. తల వెనక్కి వాలి, కళ్ళు తేలేసి, నిచ్చెన ఎక్కుతున్నట్టు చేతులు ఆడుతుంటాయి. గోల చేసే పిల్లలతో భయం లేదు. ఉన్నట్టుండి చడీచప్పుడూ లేకపోతే చూడండి.

దానికే నా పద్ధతి ఒకటుంది. నలుగురు పిల్లలు, ఆరుగురు పెద్దలు కదా. ఎవరి పిల్లవాణ్ణి ఎవరు చూడాలో రేవులోనే పేరు పేరునా పంచండి. ఫలానా పిల్లకు ఫలానా మామ. ఆ మామ ఫోన్ తియ్యడు, పేకాట ఆడడు, మూత్రానికి లేచినా ఇంకొకరికి నోటితో అప్పజెప్పి లేస్తాడు. నీకు అప్పజెప్తున్నా, సరేనా, సరే. అంతే. ఆరుగురు పెద్దవాళ్ళున్నారు కదా అనే ధైర్యం ఉంది చూడండి, అదే ప్రమాదం, ఒక్కొక్కరూ మిగతా ఐదుగురు చూస్తున్నారనుకుంటారు. సొంత తల్లిదండ్రులకు కాకుండా వేరే పిల్లల్ని పంచితే ఇంకా బాగా చూస్తారు, నా అనుభవంలో. పరాయి బిడ్డ బాధ్యత అంటే భయం ఎక్కువ. మిగిలిన ఇద్దరిలో ఒకరు డబ్బా మనిషి, ఇంకొకరు ఫొటోలు.

బోటు విషయం. మీ ఊరి మనిషి ఎవరో తెలిసిన బోటు మాట్లాడతా అన్నాడని రాశారు. తెలిసినవాడు కావడం మంచిదే, అది సరిపోదు. ఎంతమందిని ఎక్కించుకోవచ్చో బోటు పక్కన రాసి ఉండాలి, అనుమతి కాగితం ఉండాలి, అడగడానికి మొహమాటపడకండి. పిల్లలే కదా లెక్కలోకి రారు అంటే దిగిపోండి. చేపలు పట్టే పుట్టిలో పిల్లల్ని ఒక్క ఫొటో కోసం కూడా ఎక్కించొద్దు, గుండ్రటి పుట్టిలో ఎవరు లేచి నిలబడినా అది ఆ పక్కకే ఒరుగుతుంది, అలవాటున్న చేపలవాళ్ళు కూడా అందులో గొంతుక్కూర్చునే ఉంటారు. నడిపేవాడి ఒంట్లో మందు వాసన వస్తే అడ్వాన్సు పోయినా పోనీ. ఇదంతా చుట్టాల ముందు చెప్పడం కష్టం, నాకు తెలుసు. ఇంత దూరం వచ్చి, డీజిలు పోసుకొని, పులిహోర చేసుకొని, వెనక్కా అంటారు. ఆ మాట అనే బాధ్యత ముందే ఒక్కరికి అప్పజెప్పండి, వాళ్ళు వద్దంటే వద్దు, ఎందుకని ఎవరూ అడగకూడదు. మా ఇంట్లో ఆ పని మా చెల్లెలిది. జుట్టు పట్టి లాగింది వాళ్ళ కొడుకునే కాబట్టి ఆమె మాటకు ఎవరూ ఎదురు చెప్పరు. రెండుసార్లు రేవు నుంచే వెనక్కి తిప్పింది, ఒకసారి బేలం గుహలకు పోయాం, ఒకసారి బండి ఆపిన చోటే తిని ఇంటికొచ్చాం.

ఎక్కేటప్పుడు దిగేటప్పుడే ఎక్కువ పడతారు, మా వాడి లాగే. తాడు రెండు చోట్లా కట్టేదాకా పిల్లలు కూర్చునే ఉండాలి. ముందు ఒక పెద్ద మనిషి దిగి నిలబడాలి, తర్వాత పిల్లల్ని చేతి నుంచి చేతికి అందించాలి, దూకడం లేదు. పిల్లల్ని బోటు మధ్యలో, కింద పలక మీద కూర్చోబెట్టండి, అంచు మీద కాదు. వెనక ఇంజను దగ్గర పొగ, అక్కడ కూర్చుంటే వాంతులు ఖాయం. ఒక పక్కన ఏదైనా కనపడగానే అందరూ ఆ పక్కకే పరిగెత్తడం, ఇది మన జనానికి బాగా అలవాటు. కృష్ణమ్మకు పసుపు కుంకుమ, రూపాయి బిళ్ళ వేయడానికి ఆడవాళ్ళంతా ఒకే వైపు వంగుతారు. వేయండి, వద్దనను, రేవు మెట్ల మీదే వేసి ఎక్కండి. పిల్లల చేతులు నీళ్ళలో ఆడించొద్దు, ఈ వెనుక జలాల్లో మొసళ్ళున్నాయి. భయపెట్టడానికి కాదు, ఒడ్డున పిల్లలు నీళ్ళలో దిగి ఆడతామంటే కూడా ఇదే చెప్పండి. మునిగిన చెట్ల మొద్దులు, పాత ఊళ్ళ గోడలు కూడా నీటి కింద ఉంటాయి, ఒడ్డు ఒక అడుగు దాకా మోకాలి లోతు ఉండి మరుసటి అడుగుకు తల మునుగుతుంది.

బట్టలు తొందరగా చెప్తా. ఎర్రవి, నారింజ, పచ్చటి పసుపు వేయండి, నీలం, ఆకుపచ్చ, తెలుపు నీళ్ళలో కనపడవు. పండగ కదా అని పాపకు పట్టులంగా వద్దు, తడిస్తే కాళ్ళకు చుట్టుకుంటుంది. గడ్డం కింద కట్టుకునే తాడున్న టోపీ, లేకపోతే పది నిమిషాల్లో టోపీ కృష్ణార్పణం, దాని కోసం పిల్లవాడు వంగుతాడు. వెనక పట్టీ ఉన్న చెప్పులు. జనవరి ఎండే కదా అనుకోవద్దు, నీటి మీది నుంచి కూడా ఎండ కొడుతుంది, టోపీ ఉన్నా ముక్కూ గడ్డం కమిలిపోతాయి. ఒక జత పొడి బట్టలు, తువ్వాలు ఒడ్డున బండిలో ఉంచండి.

తిండి: ఖాళీ కడుపుతో ఎక్కించినా వాంతే, నిండా తినిపించినా వాంతే. పొద్దున ఉగ్గాని కొంచెం పెట్టండి, పక్కన మిరపకాయ బజ్జీలు మాత్రం పెద్దవాళ్ళూ తగ్గించుకుంటే మంచిది. బోటులోకి అరటిపండ్లు, బిస్కెట్లు, నీళ్ళు చాలు. శెనక్కాయలు, బఠాణీలు చిన్నపిల్లలకు ఊగే బోటులో ఇవ్వొద్దు, కుదుపుకు గొంతులో ఇరుక్కుంటాయి. తల తిరుగుతుందన్న పిల్లను ఫోన్ చూడనీయకండి, దూరంగా కొండ మీద ఒక చెట్టు చూపించి దాన్నే చూడమనండి. వాంతి కాకుండా మాత్ర డాక్టర్ని అడగకుండా ఇవ్వొద్దు, కొన్నింటికి మత్తు వస్తుంది. బాత్రూం సంగతి అందరూ మరిచిపోతారు. బోటులో ఉండదు, రేవులో కూడా ఉంటుందని నమ్మకం లేదు, నందికొట్కూరులో బండి ఆపి అందరినీ పంపి తీసుకురండి.

ఫోన్ సిగ్నల్ నీళ్ళ మీద ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఒడ్డున ఉండే డ్రైవరుకో, ఇంట్లో అత్తగారికో ఒక మాట చెప్పి ఎక్కండి: ఏ బోటు, ఎంతమంది, ఎన్ని గంటలకు తిరిగి వస్తాం, ఆ టైం దాటి గంటయితే ఎవరికి ఫోన్ చేయాలి. ఆపదలో చేసే 112 అందరికీ గుర్తుండే నంబరు. అత్తగారికి ఈ పని అప్పజెప్పండి, ఆమెకు కూడా పెద్దరికం దక్కినట్టుంటుంది.

ఇన్ని చెబితే టెన్షన్ పడి మానుకుంటారేమో. ఒకటి చేయొచ్చు. మొదటిసారి కదా, సంగమేశ్వరం బదులు అవుకు రిజర్వాయరుకు పోండి. కాగితాల మీద నంద్యాల జిల్లా అయినా మాకింకా కర్నూలు జిల్లానే. అక్కడ టూరిజం బోట్లు ఉంటాయి, చుట్టు తక్కువ, ఒడ్డు కనిపిస్తూనే ఉంటుంది. పిల్లలు ఎవరెలా ఉన్నారో తెలుస్తుంది, ఎవరికి భయం, ఎవరికి పొగరు, ఎవరికి వాంతి. మా పిల్లల్లో బయట పులిలా తిరిగేవాడు బోటులో మా వదిన కొంగు వదల్లేదు, నోరు లేని పిల్ల వెళ్ళి సరంగు పక్కన కూర్చుని చుక్కాని పట్టుకుంది. పోయే ముందురోజు ఫోన్ చేసి బోట్లు నడుస్తున్నాయో లేదో కనుక్కోండి. రెండోసారి ముచ్చుమర్రి.

ఇక బాబుకు తెరచాప పడవ. తొమ్మిదేళ్ళు దానికి మంచి వయసు. మన జిల్లాల్లో నేర్పేవాళ్ళు నాకు తగల్లేదు, దగ్గరంటే హైదరాబాద్ హుస్సేన్ సాగర్, అక్కడ యాట్ క్లబ్బులో పిల్లలకు నేర్పిస్తారు. పిల్లలు నేర్చుకునేది ఆప్టిమిస్ట్ అనే బుల్లి పడవ మీద, 2.3 మీటర్ల పొడవు, 35 కిలోల బరువు, ఒక తెరచాప, ఒక చుక్కాని, ఒక్క పిల్లవాడు. ప్రపంచమంతా 15 ఏళ్ళ లోపు పిల్లలు పోటీల్లో తిప్పేది అదే. 1947లో అమెరికాలో తయారు చేశారు, స్నానాల తొట్టికి దుప్పటి కట్టినట్టుంటుంది చూడటానికి. అందులో మొదటి రోజుల్లోనే కావాలని పడవ బోల్తా కొట్టించి, మళ్ళీ ఎలా తిప్పి నిలబెట్టాలో, నీళ్ళు ఎలా తోడిపోయాలో నేర్పిస్తారు. అది చూసి మీ ఆయన బాబును వెనక్కి తెచ్చేస్తాడేమో, ముందే చెప్పి ఉంచండి. తెరచాప పడవలో గుర్తుంచుకోవాల్సింది తల. చాప కింద అడ్డంగా ఉండే కర్ర గాలి మారినప్పుడు ఈ పక్క నుంచి ఆ పక్కకు ఒక్క ఊపున వస్తుంది, తల వంచుకోవడం అలవాటయ్యేదాకా ఒకటి రెండు దెబ్బలు తప్పవు, నా నెత్తి మీద ఇప్పటికీ ఒక మచ్చ ఉంది.

దానికంటే ముందు ఈత. సంక్రాంతికి ఇంకా నెల పైన ఉంది, చలిలో పిల్లవాడు దిగనని మొండికేస్తాడు, మార్చిలో చేర్చండి, పాపను కూడా. మీరూ చేరితే బాగుంటుంది. మా చెల్లెలు 38 ఏళ్ళకు నేర్చుకుంది, నైటీ మీద లైఫ్ జాకెట్ తొడుక్కుని మా పొలం బావిలో, చుట్టూ దుప్పట్లు కట్టించుకుని, మా నాయన గట్టున కూర్చుని సొరకాయ బుర్రలు కట్టనా అని నవ్వుతుంటే.